హెపటైటిస్ సి మాత్రలతోపాటు యాంటీఆక్సిడెంట్లు వాడాలా? మొదటి టెస్టు నుంచి చివరి టెస్టు దాకా ఏం చేయాలి

విజయనగరంలో మందుల షాపు కౌంటర్ వెనక నిలబడి నేను ఎక్కువసార్లు విన్న మాట ఇది: "హెపటైటిస్ సి అన్నారండీ, మూడు నెలల మాత్రలు రాశారు, వాటితోపాటు లివర్‌కి బలం ఇచ్చే టానిక్ ఏదైనా ఇవ్వండి, యాంటీఆక్సిడెంట్ అయితే మంచిదట కదా." ఉద్దానం వైపు నుంచి, ఇంట్లో డయాలసిస్ మనిషి ఉన్నవాళ్ళు ఫోన్ చేసి కూడా ఇదే అడుగుతుంటారు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పి పంపితే మిగతాది మర్చిపోతున్నారు, అందుకని మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

ముందు జవాబు చెప్పేస్తాను. వైరస్ వల్ల లివర్‌లో పుట్టే ఆక్సిడేటివ్ స్ట్రెస్ (కణాలని లోపలినుంచి తుప్పులా తినే ఒత్తిడి, యాంటీఆక్సిడెంట్లు తగ్గిస్తాయనేది దీన్నే) నిజమే, అది లివర్‌ని పాడుచేసేదీ నిజమే. కానీ దాన్ని తగ్గించే అసలు మందు వైరస్‌ని తీసేసే ఆ మూడు నెలల మాత్రలే. టానిక్ డబ్బులు మిగుల్చుకుని వైరల్ లోడ్ టెస్టుకి (రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసేది) వెళ్ళొచ్చే బస్సు ఛార్జీలకి ఉంచుకోండి.

ఎందుకంటే హెపటైటిస్ సి వైరస్ లివర్ కణంలో చేరి, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాని ఇబ్బంది పెడుతుంది. అక్కడినుంచి ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన పదార్థాలు అతిగా బయటికొస్తాయి. వాటిని అణచడానికి కణం దాచుకున్న గ్లూటాథయోన్ ఖర్చయిపోతుంది. దానికి మద్యం, ఒంట్లో ఎక్కువైన ఐరన్, కొవ్వు లివర్, షుగరు తోడైతే నష్టం రెట్టింపు. కళింగపట్నం సముద్రం గాలికి ఇనప గేటు తుప్పు పడుతుంటే, ఉప్పు కడగకుండా పైన రంగు వేస్తే ఎన్నాళ్ళు ఆగుతుంది? టానిక్ ఆ రంగు లాంటిది. థియరీ ఇంతవరకు చాలు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- హెచ్‌సీవీ (హెపటైటిస్ సి వైరస్) యాంటీబాడీ రిపోర్టు, హెచ్‌సీవీ ఆర్‌ఎన్‌ఏ రిపోర్టు (దీన్నే వైరల్ లోడ్ అంటారు)
- హెపటైటిస్ బి, హెచ్‌ఐవీ టెస్టులు
- సీబీపీ (ప్లేట్‌లెట్లు ఇందులోనే ఉంటాయి), లివర్ ఫంక్షన్ టెస్టు (లివర్ దెబ్బతింటే పెరిగే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ ఇందులో ఉంటాయి), క్రియాటినిన్, షుగరు, పొట్ట స్కానింగ్
- ఇంట్లో మీరు వాడే ప్రతి మందూ ఒక సంచిలో. పసరు సీసా, చూర్ణం డబ్బా, జిమ్ పౌడరు కూడా
- గుర్తింపు కార్డు, గోడ క్యాలెండరు, ఒక పెన్ను

ఖర్చు గురించి టెన్షన్ పడేవాళ్ళకి ఒక మాట. 2018 జులై 28న కేంద్రం జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది, దాని కింద పరీక్షలూ మాత్రలూ ఉచితం. శ్రీకాకుళం వాళ్ళు రిమ్స్‌లో, విజయనగరం వాళ్ళు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో, విశాఖ దగ్గరైతే కేజీహెచ్‌లో "హెపటైటిస్ ట్రీట్‌మెంట్ సెంటర్ ఎక్కడ" అని అడగండి. అమెరికాలో ఈ మాత్రల్లో ముఖ్యమైన సోఫోస్‌బువిర్ కొత్తగా వచ్చినప్పుడు ఒక్క మాత్ర వెయ్యి డాలర్లు. 2015 నుంచి మన హైదరాబాద్ కంపెనీలే జనరిక్ తయారుచేస్తున్నాయి.

1. వైరస్ ఇప్పుడు ఉందో లేదో ముందు తేల్చుకోండి

యాంటీబాడీ పాజిటివ్ అంటే వైరస్ ఎప్పుడో ఒంట్లోకి వచ్చిందని మాత్రమే అర్థం. సుమారు నూటికి ముప్పై మందిలో మందు లేకుండానే ఆరు నెలల్లోపు అది పోతుంది, యాంటీబాడీ మాత్రం మిగిలిపోతుంది. కాబట్టి ఆర్‌ఎన్‌ఏ టెస్టు లేకుండా మాత్రలు మొదలుపెట్టొద్దు. ఆపరేషన్‌కి ముందో, గల్ఫ్ ఉద్యోగానికి మెడికల్‌లోనో, రక్తదానంలోనో పాజిటివ్ వచ్చి, ఆర్‌ఎన్‌ఏ చేయించకుండానే నెలల తరబడి లివర్ టానిక్‌లు తాగినవాళ్ళని నేను చూశాను. కొందరికి అసలు వైరస్సే లేదు.

డయాలసిస్ వాళ్ళకి దీనికి తిరగేసిన ఇబ్బంది ఉంటుంది. కొందరిలో యాంటీబాడీ తయారు కాదు, టెస్టు నెగటివ్ వస్తుంది, లోపల వైరస్ ఉంటుంది. పలాస, సోంపేట, కవిటి, ఏ సెంటర్‌లో చేయించుకున్నా ఆరు నెలలకోసారి హెపటైటిస్ సి పరీక్ష జరుగుతోందో లేదో మీ ఫైల్లో చూసుకోండి, ఎస్‌జీపీటీ కారణం లేకుండా పెరిగితే ఆర్‌ఎన్‌ఏ కోసం అడగండి. కిడ్నీ పోయినవాళ్ళలో ఎస్‌జీపీటీ మామూలుగానే తక్కువగా కనిపిస్తుంది, అందుకని చిన్న పెరుగుదలని కూడా తేలిగ్గా తీసుకోవద్దు.

2. లివర్ ఎంత గట్టిపడిందో లెక్క వేయండి

ఇది ఇంట్లో ఫోన్ క్యాలిక్యులేటర్‌తో చేసుకోవచ్చు, దీని పేరు ఫిబ్-4. వయసుని ఎస్‌జీఓటీతో గుణించండి, అది పైన. ప్లేట్‌లెట్లని ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించండి, అది కింద. పైదాన్ని కిందిదానితో భాగించండి.

ఉదాహరణకి వయసు 52, ఎస్‌జీఓటీ 68, ఎస్‌జీపీటీ 81, ప్లేట్‌లెట్లు 1.6 లక్షలు అనుకుందాం. 52 × 68 = 3536. 81కి వర్గమూలం 9, 160 × 9 = 1440. భాగిస్తే 2.46 వస్తుంది.

1.45 కంటే తక్కువైతే ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ. 3.25 దాటితే సిర్రోసిస్ (లివర్ అంతా మచ్చపడి గట్టిపడిపోవడం) కోసం డాక్టరు గట్టిగా వెతకాలి. మధ్యలో వస్తే ఫైబ్రోస్కాన్ (లివర్ ఎంత గట్టిగా ఉందో కొలిచే స్కానింగ్) చేయించమని అడగొచ్చు. ఇక్కడ అందరూ చేసే తప్పు ప్లేట్‌లెట్ల దగ్గర: 1.6 లక్షలంటే 160 అని వేయాలి, 1.6 అని కానీ 1,60,000 అని కానీ కాదు. ఈ ఒక్క తప్పుతో "నా స్కోరు 245 వచ్చింది, చచ్చిపోతానా" అని ఏడుస్తూ ఫోన్ చేసిన తల్లి ఉంది.

స్కోరు ఎందుకంటే, ఏ మందు ఎన్నాళ్ళు అన్నది దీన్నిబట్టే. సిర్రోసిస్ లేకపోతే సాధారణంగా సోఫోస్‌బువిర్ 400 మిల్లీగ్రాములు, డక్లటాస్విర్ 60, రోజూ, 12 వారాలు. సిర్రోసిస్ ఉంటే సోఫోస్‌బువిర్‌తో వెల్పటాస్విర్ 100 కలిసిన మాత్ర, 12 వారాలు. పొట్టలో నీరు చేరిన దశలో దానికి రిబావిరిన్ కలుపుతారు, రిబావిరిన్ పడకపోతే 24 వారాలు ఇస్తారు. ఏది మీకన్నది డాక్టరు నిర్ణయం. డయాలసిస్‌లో ఉన్నవాళ్ళకి కూడా సోఫోస్‌బువిర్ మాత్రలు ఇవ్వొచ్చు, "కిడ్నీ పోయింది కాబట్టి మందు లేదు" అనే పాతమాట ఇప్పుడు చెల్లదు.

3. మందుల సంచి డాక్టరు ముందు గుమ్మరించండి

నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే, జనం ఎక్కువగా దాటేసేదీ ఇదే. "వేరే మందులేమైనా వాడుతున్నారా" అని అడిగితే "లేదండీ" అంటారు, గ్యాస్ మాత్ర మందే కాదన్నట్టు.

- గ్యాస్ మాత్రలు (ఒమెప్రజోల్, పాంటప్రజోల్), గ్యాస్ సిరప్‌లు: వెల్పటాస్విర్ ఒంటికి పట్టాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి. గ్యాస్ సిరప్‌కీ ఈ మాత్రకీ మధ్య 4 గంటలు ఉండాలి. రోజూ వేసుకునే గ్యాస్ మాత్రని కుదిరితే ఆపేయమంటారు. తప్పనిసరైతే వెల్పటాస్విర్‌ని అన్నంతో ముందు వేసుకుని, గ్యాస్ మాత్ర 4 గంటల తర్వాత, అదీ డాక్టరు చెప్పిన డోసులో.
- టీబీకి రిఫాంపిసిన్, ఫిట్స్‌కి ఫెనిటాయిన్, కార్బమజెపిన్, ఫెనోబార్బిటల్: ఇవి వైరస్ మందుని ఒంట్లో నిలవనివ్వవు. కలిపి వాడకూడదు. అలాగని ఫిట్స్ మాత్ర మీరే ఆపేయొద్దు, మార్చాల్సింది డాక్టరు.
- గుండె లయకి అమియోడరోన్: సోఫోస్‌బువిర్‌తో కలిస్తే గుండె వేగం ప్రమాదకరంగా పడిపోవచ్చు.
- కొలెస్ట్రాల్ మాత్రలు, రక్తం పలచబరిచే వార్ఫరిన్, హెచ్‌ఐవీ మందులు: డోసు చూసుకోవాలి.
- షుగరు మందులు, ఇన్సులిన్: వైరస్ తగ్గేకొద్దీ షుగరు కూడా దిగుతుంది. పాత డోసు అలాగే వేసుకుంటే చెమటలు పట్టి కళ్ళు తిరుగుతాయి. మొదటి నెల వారానికి రెండు మూడుసార్లయినా షుగరు చూసుకోండి.

హెపటైటిస్ బి టెస్టు లేకుండా మొదలుపెట్టమంటే ఒప్పుకోవద్దు. రెండూ ఉన్నవాళ్ళలో సి తగ్గుతుంటే బి లేచి లివర్‌ని దెబ్బతీసిన సంఘటనలు ఉన్నాయి, 2016లో అమెరికా ఔషధ సంస్థ ఈ మందులన్నిటిమీదా పెద్ద హెచ్చరిక పెట్టించింది కూడా. గర్భవతులు, గర్భం అనుకుంటున్నవాళ్ళు ముందే చెప్పాలి.

4. మాత్ర మొదలుపెట్టాక

రోజూ ఒకే టైముకి. 12 వారాలంటే 84 రోజులు, సీసాకి 28 చొప్పున మూడు సీసాలు. క్యాలెండరులో మొదటి రోజు, 84వ రోజు ఇప్పుడే గుండ్రంగా చుట్టండి. మాత్ర వేసుకున్నాకే ఆ రోజు కొట్టేయండి, ముందు కొట్టేసి తర్వాత వేసుకుందాం అనుకుంటే మర్చిపోతారు.

మర్చిపోతే: 18 గంటలలోపు గుర్తొస్తే వెంటనే వేసుకోండి, తర్వాతది మామూలు టైముకే. 18 గంటలు దాటితే ఆ రోజు వదిలేసి మర్నాడు ఒక్కటే. రెండూ కలిపి వేసుకోవద్దు. వేసుకున్న రెండు గంటలలోపు వాంతి అయితే సెంటర్‌కి ఫోన్ చేసి మళ్ళీ వేసుకోవాలా అని అడగండి.

మన జిల్లాల్లో అసలు సమస్య వలస. చెన్నై, హైదరాబాద్ పనులకి పిలుపొస్తే రాత్రికి రాత్రి రైలెక్కేస్తారు, సీసా ఇంట్లో ఉండిపోతుంది. వెళ్ళాల్సి వస్తుందని తెలిస్తే ముందే సెంటర్‌లో చెప్పి మిగతా సీసాలు తీసుకోండి, లేదా అక్కడి సెంటర్‌కి రాయించుకోండి. ఆ 84 రోజులు ఊళ్ళోనే ఉండగలిగితే ఇంకా మంచిది.

తలనొప్పి, నీరసం, కొంచెం వికారం కొందరికి ఉంటాయి, ఓర్చుకోగలిగేవే. పారాసిటమాల్ రోజుకి 2 గ్రాములు దాటొద్దు, అంటే 650 మిల్లీగ్రాముల మాత్రలైతే మూడు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు సిర్రోసిస్ ఉన్నా కిడ్నీ జబ్బున్నా వద్దు.

రిబావిరిన్ ఉంటే ఒక్క జాగ్రత్త ఎక్కువ. అది ఎర్ర రక్తకణాల్లో చేరి, అక్కడే ఆక్సిడేటివ్ స్ట్రెస్ పెంచి, వాటిని పగలగొడుతుంది. రెండో వారం, నాలుగో వారం హిమోగ్లోబిన్ చూపించుకోవాలి. మెట్లెక్కితే ఆయాసం, గుండె దడ వస్తే అంతవరకు ఆగొద్దు. రక్తం తగ్గిందని సొంతంగా ఐరన్ టానిక్ తాగినా ప్రయోజనం లేదు, ఇది ఐరన్ లోపం కాదు, డాక్టరు డోసు తగ్గిస్తారు. ఆడవాళ్ళయినా మగవాళ్ళయినా వాడుతున్నంతకాలం, ఆ తర్వాత ఆడవాళ్ళయితే తొమ్మిది నెలలు, మగవాళ్ళయితే ఆరు నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి.

5. ఆక్సిడేటివ్ స్ట్రెస్ తగ్గడానికి మీ చేతిలో ఉన్నవి

మద్యం పూర్తిగా మానేయడం అన్నిటికంటే పెద్ద యాంటీఆక్సిడెంట్. తాటికల్లు చల్లదనం, అందులో ఏముంది అంటారు, కల్లులోనూ ఉన్నది ఆల్కహాలే. నాటుసారా సంగతి చెప్పక్కర్లేదు. పైడితల్లమ్మ పండగకి, కొత్త అమావాస్యకి "ఈ ఒక్కరోజు" అనే బావలు ఉంటారు, వాళ్ళకి రిపోర్టు చూపించండి.

బీడీ, సిగరెట్, ఖైనీ మానాలి. పొట్ట తగ్గాలి.

ఐరన్ మాత్రలు, ఐరన్ కలిసిన మల్టీవిటమిన్లు డాక్టరు చెప్పకుండా వద్దు. ఐరన్ ఎక్కువైతే లివర్‌లో ఫ్రీ రాడికల్స్‌కి అదే నిప్పురవ్వ. విటమిన్ సి పెద్ద డోసు మాత్రలు తిండిలోని ఐరన్‌ని ఇంకా ఎక్కువ లాగుతాయి. డయాలసిస్‌లో ఇచ్చే ఐరన్ ఇంజెక్షన్ వేరు, అది లెక్క చూసి ఇస్తారు, ఇది చదివి దాన్ని ఆపమని అడగొద్దు.

తిండి విషయానికొస్తే, చోడి అంబలి, పెసలు, ఆకుకూరలు, మునగాకు, ఉసిరికాయ, జామ, పప్పు, గుడ్డు, చేప, అన్నీ హాయిగా తినొచ్చు. "లివర్ జబ్బుకి పత్యం, చారన్నమే" అని మాంసకృత్తులు ఆపేస్తే కండ కరిగిపోతుంది, గ్లూటాథయోన్ తయారు కావాలన్నా మాంసకృత్తులే కావాలి. పొట్టలో నీరు ఉన్నవాళ్ళు మాత్రం ఎండుచేపలు, ఆవకాయ, అప్పడాలు దూరం పెట్టాలి, ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది. డయాలసిస్ వాళ్ళకి ఈ జాబితా వర్తించదు, పొటాషియం ఉంది కాబట్టి ఆకుకూర, కొబ్బరినీళ్ళు, పళ్ళు మీ కిడ్నీ డాక్టరు చెప్పినంతే. కాఫీ అలవాటుంటే మానక్కర్లేదు, కాఫీ తాగేవాళ్ళలో లివర్ మచ్చ తక్కువగా ఉంటుందని చాలా పరిశీలనల్లో కనిపించింది. పంచదార తగ్గించుకోండి.

ఇక మాత్రలూ సీసాలూ. లివర్ టానిక్‌ల్లో వేసే సిలిమారిన్ అనే మొక్క సారం మీద అమెరికాలో 154 మంది హెపటైటిస్ సి రోగులతో పెద్ద డోసుల్లో 24 వారాలు పరీక్ష చేసి 2012లో ఫలితం ప్రకటించారు. ఉత్తుత్తి మాత్ర కంటే ఎస్‌జీపీటీ ఏమీ ఎక్కువ తగ్గలేదు. విటమిన్ ఇ పేరు వినిపించేది కొవ్వు లివర్ విషయంలో, అది వేరే జబ్బు. ఆన్‌లైన్‌లో పాత వ్యాసాలు చాలావరకు ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్ల కాలంవి. అప్పుడు వారం వారం పొడుచుకుంటూ 24 వారాలో 48 వారాలో జ్వరంతో, నీరసంతో గడిపినా చాలామందికి నయమయ్యేది కాదు, అందుకే పక్కన ఏదైనా కలిపి చూద్దామని వెతికారు. ఇప్పటి మాత్రలతో నూటికి 95 మందికి పైగా నయమవుతోంది.

పసరు మందు గురించి ఖచ్చితంగా చెప్తాను, ఈ మూడు నెలలూ వద్దు. కామెర్లకి తరతరాలుగా తాగుతున్నారని నాకూ తెలుసు, మా ఇంట్లోనూ తాగేవాళ్ళు. కానీ సీసాలో ఏ ఆకు ఎంత ఉందో ఎవరికీ తెలియదు, తర్వాత లివర్ రిపోర్టు పెరిగితే మందు వల్లో పసరు వల్లో డాక్టరు తేల్చలేరు. తిప్పతీగ వాడిన కొందరికి లివర్ దెబ్బతిన్నట్టు 2021లో ముంబై డాక్టర్లు రాశారు. కూరలో పసుపు మంచిదే, మిరియాల సారం కలిపిన పసుపు క్యాప్సూల్ వేరు, దానితోనూ లివర్ దెబ్బతిన్నవాళ్ళు ఉన్నారు.

మా పెద్ద మావయ్య బొబ్బిలి దగ్గర పల్లెలో ఉంటారు. నాలుగో వారానికే ఎస్‌జీపీటీ నార్మల్ అయింది, ఎనిమిదో వారంలో "నయమైపోయింది కదా, వేడి చేస్తోంది" అని మాత్రలు ఆపి పసరు మొదలుపెట్టారు. నాకు చెప్పలేదు. వైరస్ తిరిగొచ్చింది, మళ్ళీ మొదటినుంచి, ఈసారి ఇంకా ఎక్కువ కాలం వాడాల్సొచ్చింది. షాపులో నేనుండి కూడా ఆయన్ని అడగలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది, అందుకే ఇప్పుడు ఎనిమిదో వారంలో అందరికీ ఫోన్ చేస్తాను.

6. నయమైందో లేదో ఎలా చూడాలి

84వ రోజు తర్వాత ఇంకో 12 వారాలు లెక్కపెట్టండి. ఆ రోజు తర్వాత హెచ్‌సీవీ ఆర్‌ఎన్‌ఏ మళ్ళీ చేయించాలి. "నాట్ డిటెక్టెడ్" వస్తే నయమైనట్టే. ఇదే అసలు పరీక్ష, దీన్ని మానేసేవాళ్ళే ఎక్కువ.

ఇక్కడ జరిగే తప్పులు:

- మాత్రలు అయిన రోజే టెస్టు చేయించి నెగటివ్ అని సంబరపడటం. అప్పటికి మందు ఇంకా పనిచేస్తూ ఉంటుంది.
- ఎస్‌జీపీటీ నార్మల్ అయితే వైరస్ పోయిందనుకోవడం. అది వైరస్ ఉండగానే నార్మల్ కావచ్చు.
- ఆర్‌ఎన్‌ఏ బదులు మళ్ళీ యాంటీబాడీ చేయించి పాజిటివ్ చూసి కుంగిపోవడం. యాంటీబాడీ నయమయ్యాక కూడా ఏళ్ళ తరబడి, చాలామందికి జీవితాంతం ఉంటుంది. నెగటివ్ ఆర్‌ఎన్‌ఏ రిపోర్టు ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి, ఉద్యోగం మెడికల్‌లో, ఆపరేషన్ ముందు అది చూపించాలి.
- ఫిబ్-4 తగ్గింది కాబట్టి సిర్రోసిస్ పోయిందనుకోవడం. ఎస్‌జీఓటీ దిగితే లెక్క దానంతటదే తగ్గుతుంది, మచ్చ అంత త్వరగా పోదు.
- ఆక్సిడేటివ్ స్ట్రెస్ ప్యానెల్ అని వేలకి వేలు పోసి రక్తపరీక్షలు చేయించడం. అవి పరిశోధనల్లో పనికొచ్చేవి, మీ ట్రీట్‌మెంట్‌లో వాటివల్ల ఏదీ మారదు. ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్లు, షుగరు, బరువు చూసుకుంటే చాలు.

ఆర్‌ఎన్‌ఏ మళ్ళీ పాజిటివ్ వస్తే దారి మూసుకుపోలేదు, రెండోసారి వాడే మందులు ఉన్నాయి, పెద్ద సెంటర్‌కి పంపిస్తారు. డోసులు తప్పి ఉంటే దాచకుండా చెప్పండి, తిట్టినా పర్వాలేదు.

మందు వాడుతున్నప్పుడైనా తర్వాతైనా రక్తపు వాంతి, తారులాంటి నల్ల విరేచనం, కళ్ళు పచ్చబడటం, పొట్ట ఉబ్బడం, మాట తడబడి మగతగా ఉండటం, ఇందులో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి. పొద్దున్న చూద్దాం అనుకోవద్దు.

7. నయమయ్యాక

సిర్రోసిస్ లేనివాళ్ళు మద్యానికి దూరంగా ఉండి మామూలుగా బతకొచ్చు. సిర్రోసిస్ ఉన్నవాళ్ళు ఆరు నెలలకోసారి పొట్ట స్కానింగ్ మానకూడదు, వైరస్ పోయినా లివర్ క్యాన్సర్ భయం కొంత ఉంటుంది. హెపటైటిస్ బి టీకా వేయించుకోండి. సి కి టీకా లేదు, ఒకసారి నయమైనా మళ్ళీ సోకవచ్చు. ఊళ్ళో సూది వేయించుకుంటే కొత్త సిరంజి మీ కళ్ళముందే విప్పమనండి, మంగలి దగ్గర కొత్త బ్లేడు అడగండి. కంచం, గ్లాసు, పక్క వేరు చేయక్కర్లేదు, తిండి వల్ల ఇది అంటదు. బ్రష్షు, రేజరు, గోళ్ళ కత్తెర మాత్రం ఎవరివి వాళ్ళవే.

ఇంట్లో భార్యకో భర్తకో, పిల్లలకో ఒకసారి యాంటీబాడీ టెస్టు చేయించండి. పిల్లలకైతే తల్లికి ఉన్నప్పుడు తప్పనిసరిగా.